పన్నెండు జేబుల సంచీ

రిటైరైన రోజు స్టాక్ రిజిస్టరు ముందు పెట్టుకుని సబ్‌సెంటర్ సామానంతా అప్పజెప్పాను. పిల్లల్ని తూచే కాటా, బీపీ మిషను, వ్యాక్సిన్ క్యారియర్లు, సూది మొనలు కత్తిరించే కట్టరు, అన్నిటికీ సంతకాలయ్యాయి. ఒక్కదాన్ని మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ తీసివ్వలేదు. మేకుకు వేలాడి వేలాడి మెడ దగ్గర చిరిగిపోయిన ఓ గుడ్డసంచీ. ఇప్పుడది మా వంటింటి తలుపు వెనక ఉంది. మా కోడలు అందులో కరెంటు బిల్లులు, గ్యాసు రసీదులు పెడుతుంది. ‘జనవరి బిల్లు జనవరి జేబులోనే పెట్టమ్మా’ అంటే నవ్వుతుంది.

ఆ సంచీకి నెలకొకటి చొప్పున పన్నెండు జేబులు. పల్నాటి పల్లెల్లో ముప్ఫై మూడేళ్లు ఏఎన్‌ఎంగా చేశాను. పెద్దలకు నర్సమ్మను, పిల్లలకు సూదులమ్మను. ఎందరికి టీకాలు వేశానో లెక్క లేదు. ఆ సంచీ లేకపోతే మాత్రం అందులో చాలామందికి పడేవి కావు.

అదెలా పనిచేసేదో చెబుతాను. బిడ్డకు తొలి టీకా వేసినప్పుడు తల్లీబిడ్డ కార్డు రాస్తాం. దానికి చింపుకునే చీటీ ఒకటి ఉంటుంది. కార్డు తల్లికి, చీటీ మాకు. బిడ్డ మళ్లీ మార్చిలో రావాలంటే చీటీ మార్చి జేబులో పడుతుంది. వచ్చి వేయించుకుంటే అదే చీటీ మీద రాసి తర్వాత రావాల్సిన నెల జేబులోకి మారుస్తాం. నెలాఖరున మార్చి జేబులో చెయ్యి పెట్టినప్పుడు ఇంకా చీటీలు తగిలాయంటే వాళ్లంతా రానివాళ్లన్నమాట. ఎవరి బిడ్డ, ఏ ఇల్లు, ఏ డోసు బాకీ, అన్నీ దాని మీదే ఉంటాయి. అక్షరం ముక్క రాని ఆయా కూడా జేబు తడిమి ‘ఇంకా నలుగురున్నారమ్మా’ అని చెప్పేది.

ఇప్పుడు ఫోన్లు వచ్చాయి, టీకాలు నమోదు చేసే యూ-విన్ వచ్చింది. తల్లి ఏ ఊళ్లో ఉన్నా అక్కడే టీకా వేయించుకునే వీలొచ్చింది. మంచిదే, నేను కాదనను. కాకపోతే మా వైపు ఆడవాళ్ల ఫోను నెంబరు భర్త రీచార్జి చేయించినన్నాళ్లే ఉంటుంది. ఆశా కార్యకర్త నోటి లెక్కకు ఆ ఇబ్బంది లేదు.

సంచీకీ ఒక లోపం ఉంది. అది నాకు తెలిసిరావడానికి చాలా ఏళ్లు పట్టింది. జేబులో చీటీ ఉన్న బిడ్డ తప్పిపోతే తెలుస్తుంది. అసలు చీటీయే లేని బిడ్డ సంగతేమిటి?

మా వైపు సంక్రాంతి దాటగానే మిరపకోతలు ఊపందుకుంటాయి. ఊళ్లో కూలీలు చాలరు. కర్నూలు జిల్లా పడమటి ఊళ్ల నుంచి, కోసిగి, ఆదోని వైపు నుంచి, కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. బియ్యం మూటలు, వంటసామాను, చంటిపిల్లలు, అన్నీ ఒకే లారీలో. పొలాల పక్కనే పట్టాలు కప్పుకుని రెండు మూడు నెలలు గడుపుతారు. కోసిన కాయకు కిలోల లెక్కన కూలి కాబట్టి చీకటితో వెళ్లి చీకటికే తిరిగొస్తారు.

ఒక ఫిబ్రవరిలో బాలింతను చూసొస్తూ పొలాల దారి పట్టాను. కల్లం నిండా ఎర్రగా కాయ ఆరబోసి ఉంది. ఆ ఘాటుకు అలవాటున్న నాకే తుమ్ములొచ్చాయి. పక్కన చీర కట్టిన నీడలో పదకొండు మంది పిల్లలు. వాళ్లందరికీ కాపలా ఒక ఎనిమిదేళ్ల పిల్ల. దాని చంకలో ఏడెనిమిది నెలల తమ్ముడు. అలవాటుగా వాడి ఎడమ భుజం చూశాను. బీసీజీ మచ్చ లేదు. మచ్చ లేనంత మాత్రాన టీకా పడలేదని కాదు, కొందరికి మచ్చ ఏర్పడదు. కానీ మిగతావాళ్ల భుజాలూ చూశాక నాకు కాళ్లాడలేదు. 

సాయంత్రం తల్లులు వచ్చేదాకా కూర్చున్నాను. ‘కార్డు ఊర్లో పెట్టెలో ఉంది మేడం’ అంది ఒకామె. ‘మా ఊరి నర్సమ్మ వచ్చే దినం మేం ఈడ ఉంటిమి’ అంది ఇంకొకామె. ఒక్కరూ టీకా వద్దనలేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. టీకాలు పడని పిల్లలంటే పట్నం మనుషులకు మూఢనమ్మకం, మొండి తల్లిదండ్రులు గుర్తొస్తారు. నా అనుభవంలో అలాంటివాళ్లు తక్కువ. మొండివాళ్ల ఇళ్లు అందరికీ తెలుసు, డాక్టరుగారు వస్తారు, సర్పంచి వస్తాడు, పదిసార్లు తిరిగి ఒప్పిస్తాం. ఎవరూ వెళ్లి అడగని ఇళ్లే ఎక్కువ.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేసుకున్నాను. మా సబ్‌సెంటర్ లిస్టులో ఆ పిల్లలు లేరు, మా ఊరివాళ్లు కారు గనక. వాళ్ల ఊరి లిస్టులో ఉంటే ఉండవచ్చు, పక్కన ‘ఊళ్లో లేరు’ అని రాసి ఉంటుంది. అక్కడి నర్సు తప్పు లేదు, నా తప్పూ లేదు. నెల రిపోర్టులో ఇద్దరికీ నూటికి తొంభై అయిదు పైన. కల్లం పక్కన పదకొండు మంది.

మర్నాడు కూలీల మేస్త్రీని పట్టుకున్నాను. ఏ గుడారంలో ఎందరున్నారో, ఎన్ని చేతులు కోతకొస్తాయో అతనికి కంఠతా వచ్చు. చేతులు మాత్రమే, పిల్లలు అతని లెక్కలోనూ లేరు. చిన్న నోటుబుక్కు కొనిచ్చి, గుడారానికో పేజీ పెట్టి ఐదేళ్లలోపు పిల్లల పేర్లు రాయమన్నాను. రెండు రోజుల్లో రాసిచ్చాడు. మేము చూడని గుడారాలు కూడా అందులో ఉన్నాయి.

మా రాష్ట్రంలో టీకాలకు బుధవారం, శనివారం. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించడం రివాజు. ఆ వేళకు ఈ తల్లులు మిరపచేలో ఉంటారు. డాక్టరుగారి అనుమతి తీసుకుని సాయంత్రం అయిదింటికి గుడారాల దగ్గరే పెట్టాం. మొదటి సాయంత్రం సగం మంది కూడా రాలేదు. ఒకావిడ నా మొహం మీదే అడిగింది: ‘సూది ఏస్తే రాత్రికి జొరమొస్తాది. పిల్ల ఏడుస్తాంటే రేపు కోతకెట్ల పోవాల? కూలి నువ్విస్తావా?’

నా దగ్గర జవాబు లేదు. మా ఆశా దగ్గర ఉంది. ఆ అమ్మాయి చిన్నప్పుడు వాళ్లమ్మతో కోతలకు తిరిగిన పిల్ల. ‘సంత రోజు వీళ్లకు సెలవు మేడమ్. సంతకు ముందు సాయంత్రం పెడదాం’ అంది. అలాగే పెట్టాం. చార్జింగ్ లైటు వెలుతురులో వరస కట్టారు. మర్నాడు పిల్ల ఏడ్చినా తల్లి ఇంటి పట్టున ఉంటుంది, ఇంకేం కావాలి? ఇన్నేళ్లలో నేను చేసిన మీటింగులు, కొట్టించిన దండోరాలు, అంటించిన పోస్టర్లు అన్నీ కలిపినా ఆ రోజు మార్చినంత పని చేయలేదు.

జ్వరం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తర్వాతి డోసుకు తల్లి వస్తుందా రాదా అన్నది అక్కడే తేలిపోతుంది. నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు పెంటావాలెంట్ వేస్తాం. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ అనే సూక్ష్మజీవి తెచ్చే జబ్బులు (నిమోనియా, మెదడుపొరల జబ్బు), ఈ అయిదింటికీ ఒకే సూది. అది పడిన రాత్రి కొందరు పిల్లలకు ఒళ్లు వెచ్చబడుతుంది, తొడ మీద గడ్డ కడుతుంది. ఒంటికి శత్రువును పరిచయం చేస్తున్నాం, ఆ మాత్రం అలజడి ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఈ మాట ముందే చెప్పి, బరువును బట్టి జ్వరం మందు ఎంత పట్టాలో చూపించి, గడ్డ మీద తడిగుడ్డ వేయమని, రుద్దవద్దని చెబితే తల్లి మళ్లీ వస్తుంది. చెప్పకుండా పంపితే, అర్ధరాత్రి బిడ్డ కాలిపోతుంటే, అత్తగారు ‘నే చెప్పలా?’ అంటుంది. ఇక ఆ తల్లి మన గడప తొక్కదు. 

టీకా వేశాక అరగంట కూర్చోబెడతాం. చాలామంది విసుక్కుంటారు. ఎప్పుడో అరుదుగా ఎవరికైనా ఒళ్లు తిరగబడితే ఆ అరగంటలోనే బయటపడే అవకాశం ఎక్కువ, మందు మా దగ్గరే ఉంటుంది. ఆ కూర్చున్న అరగంటలోనే నాలుగు మాటలు చెప్పాలి: ఏ టీకా వేశాం, మళ్లీ ఎప్పుడు ఎక్కడికి రావాలి, ఏం ఇబ్బంది రావచ్చు, కార్డు జాగ్రత్త. రష్ ఉన్న రోజు నేనూ ఈ మాటలు మింగేసిన సందర్భాలున్నాయి. వాటి ఫలితం నెలాఖరున సంచీ జేబులో తగిలేది.

టీకా సీసా గురించి కూడా బయటివాళ్లకు తెలియని సంగతులు కొన్నున్నాయి. మా వేసవి చూసి అందరూ ఎండకే భయపడతారు. నిజమే, టీకాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. సీసా మీద చిన్న గుండ్రం, అందులో చతురస్రం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చతురస్రం ముదురుతుంది. గుండ్రం రంగులో కలిసిపోయిందంటే ఆ సీసా పనికిరాదు. కానీ పెంటావాలెంట్‌లాంటి వాటికి ఎండ ఎంత శత్రువో గడ్డకట్టే చలీ అంతే. ఆ సంగతి చతురస్రం చెప్పదు. ఐస్‌ప్యాకులు డీప్ ఫ్రీజరులోంచి తీసి కాసేపు బయట పెట్టాలి. చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే నీళ్ల చప్పుడు వినిపించాలి. అప్పుడే నాలుగింటిని క్యారియర్‌లో నాలుగు గోడలకు సర్ది, మధ్యలో సీసాలు పెట్టాలి. ఒక బుధవారం బస్సు వెళ్లిపోతోందన్న తొందరలో చప్పుడు వినకుండానే సర్దేశాను. సెంటరుకెళ్లి మూత తీస్తే సీసాల్లో మంచు. అన్నీ పారేసి తల్లుల్ని శనివారం రమ్మన్నాను. ముగ్గురు రాలేదు. ఆ ముగ్గురి వెనక నెలరోజులు తిరిగాను.

బీసీజీ, తట్టు టీకాలది ఇంకో తంటా. పొడిలో నీళ్లు కలిపాక నాలుగు గంటలే వాటి ఆయుష్షు, మిగిలింది పారెయ్యాల్సిందే. ఒక్క బిడ్డ వచ్చినా సీసా విప్పాలన్నది నియమం. విప్పితే వృథా అని ఓ పై అధికారి నన్ను మీటింగులో నిలబెట్టి తిట్టాడు. అలా తిట్లు తిన్న నర్సు తర్వాత ఏం చేస్తుంది? ‘ఇంకో నలుగురు వచ్చాక వేస్తాలే, వచ్చేవారం రా’ అంటుంది. రెండు మైళ్లు నడిచి, కూలి మానుకుని వచ్చిన మనిషి వచ్చేవారం రాదు. సీసాలో నాలుగు డోసులు మిగిల్చి బిడ్డను పోగొట్టుకోవడం ఏం పొదుపో నాకిప్పటికీ అర్థం కాదు.

తట్టంటే నాకు ప్రత్యేకమైన భయం. నేను ఉద్యోగంలో చేరింది 1988లో. దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలై అప్పటికి మూడేళ్లు. గాజు సిరంజీలు ప్రెషర్ కుక్కర్‌లో మరగబెట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లం. ఆ తొలి ఏడాదే ఓ కాలనీలో తట్టు లేచింది. అమ్మవారు పోసిందని గుమ్మాలకు వేపమండలు కట్టారు. వేపాకు మీద పడుకోబెట్టిన రెండేళ్ల పిల్ల ఎగశ్వాస పీలుస్తుంటే ఆ చప్పుడు వీధిలోకి వినిపించింది. తట్టు దానంతటది చంపడం తక్కువ. వెనకాలే నిమోనియా, విరేచనాలు తెస్తుంది. ఆసుపత్రికి తీసుకెళదామంటే నాయనమ్మ అమ్మవారికి కోపమొస్తుందంది. నేను కొత్తదాన్ని, వాదనకు దిగాను. వాదన ముగిసేలోపు పిల్ల పోయింది.

ఆ తర్వాత ఎప్పుడూ వేపమండ మీద చెయ్యి వెయ్యలేదు. ‘మండ ఉండనీ పెద్దమ్మా, ఈ విటమిన్-ఎ చుక్కలు ఇవాళ ఓ మోతాదు, రేపో మోతాదు పోస్తాను. ఎగరొప్పు వస్తే మాత్రం అమ్మవారికి మొక్కుకుని ఆటో ఎక్కిద్దాం’ అనేదాన్ని. ఒప్పుకోని ముసలమ్మను నేను చూడలేదు.

తట్టు అంటువ్యాధుల్లో చురుకైనది. ఎవరికీ టీకా లేని చోట ఒక్క బిడ్డ పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటిస్తుంది. అందుకే దానికి నూటికి తొంభై అయిదు మందికి రక్షణ ఉండాలంటారు. తొంభై వస్తే చాలదా అని ఆశాలు అడిగేవాళ్లు. వేళ్ల మీద లెక్క చెప్పేదాన్ని. తొమ్మిది నెలలు నిండాక వేసే ఒక్క డోసు నూటికి సుమారు ఎనభై అయిదు మందిలోనే పట్టు ఇస్తుంది. తొంభై మందికి వేస్తే పట్టు దొరికింది డెబ్బై ఆరేడు మందికి. అంటే వందలో ఇరవై ముగ్గురు ఖాళీగా ఉన్నారు. తట్టుకు అది పండగ. అందుకే పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండో డోసు. నడక వచ్చిన పిల్లలు, బొద్దుగా ఉంటారు, తల్లులు మర్చిపోయేది సరిగ్గా ఈ డోసునే. 2022 చివర్లో ముంబైలోని గోవండీ ప్రాంతంలో తట్టు చెలరేగి పిల్లలు చనిపోయారు. పెద్ద పెద్ద ఆసుపత్రులున్న మహానగరం అది.

తప్పిపోయినవాళ్ల కోసం వెనక్కి వెళ్లడం మాకు నేర్పింది పల్స్ పోలియో. 1995 డిసెంబరులో మొదలైంది. ఆదివారం బూత్‌లో చుక్కలు, ఎడమ చిటికెన వేలికి సిరా గుర్తు, సోమవారం నుంచి ఇల్లిల్లూ. అందరికీ చుక్కలు పడిన ఇంటికి సుద్దముక్కతో ‘పి’ రాసేవాళ్లం. ఎవరైనా మిగిలితే ‘ఎక్స్’. చెప్పాలంటే పోలియోను తరిమింది ఆ ఎక్స్ రాసిన గోడలే. సాయంత్రం ఎక్స్ ఇళ్ల లిస్టు, మర్నాడు మళ్లీ అవే తలుపులు. బస్టాండ్లు, రైళ్లు, ఇటుక బట్టీలు, బిల్డింగు పనుల దగ్గర వేరే బృందాలు. 2009లో మన దేశంలో 741 పోలియో కేసులు, ప్రపంచం మొత్తంలో దాదాపు సగం. సహజ పోలియో వైరస్ ఆఖరి కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో. 2014 మార్చి 27న మన దేశంతో కలిపి ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహితమని పత్రం వచ్చింది.

ఆ తర్వాత కూడా 2016 జూన్‌లో హైదరాబాదు అంబర్‌పేట మురుగునీటి నమూనాలో చుక్కల మందులోంచి మార్పు చెందిన పోలియో వైరస్ దొరికింది. ఏ బిడ్డకూ జబ్బు రాలేదు. అయినా వారం రోజుల్లో సుమారు మూడు లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేయడానికి పూనుకున్నారు. మురుగు కాలవలో కనబడినదానికి అంత హడావుడా అన్నవాళ్లున్నారు. పిల్లవాడి కాలులో కనబడేదాకా ఆగడమా మరి?

మిగతా టీకాలకూ ఇదే పద్ధతి పెట్టాలని 2014 డిసెంబరు 25న మిషన్ ఇంద్రధనుష్ కార్యక్రమం తెచ్చారు. 201 జిల్లాలతో మొదలుపెట్టి తండాలు, బట్టీలు, మత్స్యకార పల్లెలు, వలస గుడారాలకు వెళ్లమన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఏడాది నుంచి రెండేళ్లలోపు పిల్లల్లో టీకాలన్నీ పూర్తయినవాళ్లు 2015-16లో దేశంలో నూటికి 62 మంది, 2019-21లో 76 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 73, తెలంగాణలో 79. నాకు నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. టీకాలు తయారు చేసి దేశదేశాలకు పంపే కంపెనీలు హైదరాబాదులో ఉన్నాయి. రోటావైరస్ టీకాను ప్రభుత్వ కార్యక్రమంలో 2016లో మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్ర ఒకటి. కంపెనీ నుంచి మా పీహెచ్‌సీ దాకా ఏసీ వ్యాను, ఐస్ పెట్టె, జనరేటరు అన్నీ ఉన్నాయి. పీహెచ్‌సీ నుంచి కల్లం దాకా మిగిలిన ఆ ఆరు కిలోమీటర్లకే ఎవరో ఒకరు బండి తీయాలి.

ఇక చదువుతున్న తల్లులకు ఒక మాట. డోసు ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి వేయరు, ఆగిన చోటు నుంచి వేస్తారు. సిగ్గుపడి మానెయ్యకండి. కార్డు పోతే కొత్తది రాస్తారు. జలుబు, కొద్దిపాటి దగ్గు టీకాకు అడ్డు కాదు. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాక వేయించడం తప్పితే ఐదేళ్లలోపు ఎప్పుడైనా వేయించవచ్చు.

రైతులకూ ఒక మాట. ఈసారి మీ చేలోకి మిరపకోతకో, మీ బట్టీకి ఇటుక పనికో, మీ స్లాబు పనికో మనుషులు దిగినప్పుడు కూలి మాట్లాడుకుంటారు కదా, అప్పుడే అడగండి, ఐదేళ్లలోపు పిల్లలు ఎందరని. ఆ సంఖ్య మీ ఊరి ఆశాకు చెప్పండి. బుధవారంలోపు చెప్పండి.